రోలరు మీద ఎవరున్నారు

నేను రోడ్ల కంపెనీలో ఏం చేస్తానని చుట్టాలు అడిగితే మా ఆవిడ “కార్డులిస్తడు” అని చెప్పేది. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక ఆమెకు లేదు, వినే ఓపిక వాళ్లకూ లేదు. ఒకసారి పెద్దమందడి నుంచి మా దూరపు బావ ఒకాయన, కొత్త కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించమని ఆధార్ జిరాక్సులతో సహా వనపర్తిలో మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నా దగ్గరున్నవి ఆ కార్డులు కావని నచ్చజెప్పి, చాయ్ తాగించి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నవ్వుకున్నాను. అదే పొరపాటు ఇటిక్యాల దగ్గర మళ్లీ ఎదురైనప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

నేనిచ్చేది పని కార్డు. రోడ్డు పనిలో రోలరు నడిపేవాళ్లు, తారు పరిచే మిషను మీద ఉండేవాళ్లు, టిప్పర్లను ఆపి పంపే జెండా మనుషులు మెడలో వేసుకునే కార్డు. దాని మీద ఫొటో, పేరు, ఏ పని చేయవచ్చు, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి ఉంటాయి. ఫలానా మనిషికి ఫలానా పని వచ్చు, నేను కళ్లారా చూశాను అని కింద నా సంతకం ఉంటుంది. ఆ సంతకం తప్పయితే నాకేమీ కాదు. రోలరు కింద పడేది ఇంకెవరో. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు ఈ సంగతి తలకెక్కించుకుంటే మిగతాదంతా మెల్లగా నేర్చుకోవచ్చు.

నోటి పని, చేతి పని

నాగర్‌కర్నూల్ రోడ్డు పనిలో ఉన్నప్పుడు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ తొడిగిన సర్టిఫికెట్. ఏది అడిగినా టకటకా చెప్పాడు. ఇంజన్ ఎప్పుడు చూడాలి, నీళ్లు ఎప్పుడు పోయాలి, వాలులో ఎట్లా దిగాలి, అన్నీ వచ్చు. మా పెద్ద ఇంజినీరు ముచ్చటపడి “ఇంకేం కావాలయ్యా, ఇచ్చెయ్” అన్నాడు. నేను ఇవ్వలేదు. రోలరు ఎక్కి ఒక్కసారి వెనక్కి నడపమన్నాను. అంతకుముందే రోలరు వెనక ఒక ఖాళీ తారు డబ్బా నిలబెట్టి ఉంచాను. ఆయన ఎక్కాడు, తల తిప్పకుండా వెనక్కి నడిపాడు, డబ్బా అప్పడమైంది.

దిగివచ్చి నా మీదే గరమయ్యాడు. “ఈ డబ్బా ఈడ ఎవరు పెట్టిండ్రు సారూ?”

“నేనే.”

“చెప్పొద్దా మరి?”

“మనిషయితే నీకు చెప్పి నిలబడ్తడా?”

ఆయన మళ్లీ రాలేదు. పెద్ద ఇంజినీరు మాత్రం చాలా రోజులు నన్ను “డబ్బా సారు” అని పిలిచాడు.

మా పరీక్షలో మూడు భాగాలుండేవి. మొదట నోటితో ప్రశ్నలు. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి కాగితం పరీక్ష పెట్టేవాళ్లం కాదు. తర్వాత మిషను మీద నడపడం. మూడోది అసలైన పని జరిగేచోట, మనం చూస్తున్నామని వాళ్లకు తెలియకుండా గమనించడం. మేనేజర్లందరికీ ఈ మూడోదాని మీదే కోపం. దానికి టైము పడుతుంది. నా అనుభవంలో మొదటి రెండిట్లో పాసైనవాళ్ల అసలు రంగు మూడోదాంట్లోనే బయటపడేది. సారు ముందు బెల్టు ఎవడైనా పెట్టుకుంటాడు. సారు లేనప్పుడు కూడా పెట్టుకునేవాడికే కార్డు ఇవ్వాలి.

మార్తమ్మ పరీక్ష

ఇటిక్యాల వైపు రోడ్డు వెడల్పు చేసే పనిలో వడ్డేపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన గుంపు ఒకటి ఉండేది. గుంపు మేస్త్రీ పేరు తిమ్మప్ప. అందులో యేసోబు, మార్తమ్మ అనే భార్యాభర్తలు. క్రైస్తవులు. పుణె దాకా, బెంగళూరు దాకా వలస పోయి మట్టిపని చేసినవాళ్లే. ఊళ్లో కాస్త మెట్టభూమి కౌలుకు చేసుకునేవాళ్లు.

యేసోబు రోలరు మనిషి. పల్లం మీదుగా వంతెనకెక్కే చోట రోడ్డును ఎత్తు చేయడానికి మట్టి పొరలు పొరలుగా పోసి కట్ట వేస్తారు. ఆ కట్ట అంచున రోలరు నడపడం అందరికీ చేతకాదు. లోపలి మట్టి ఎంత గట్టిపడినా అంచు వదులుగానే ఉంటుంది. మట్టి అణగడానికి రోలరు డ్రమ్ము అదురుతుంటుంది; యేసోబు అంచు దగ్గరికి రాగానే ఆ అదురు ఆపేసేవాడు. బెల్టు సాగినంత మేర సీటులోంచి లేచి, మెడ చాపి, కిందికి చూసి మళ్లీ కూర్చునేవాడు. ప్రతి మలుపులోనూ అంతే. దూరం నుంచి ఆ లేవడం చూస్తే చాలు, రోలరు మీద ఎవరున్నారో నాకు తెలిసిపోయేది. కార్డు ఇవ్వడానికి నేను వెనకాడలేదు.

మార్తమ్మది జెండా పని. టిప్పర్లు కట్ట మీదికి వచ్చేచోట నిలబడి ఎర్రజెండా, పచ్చజెండాతో మిషన్లను ఆపాలి, పంపాలి. ఆమె పరీక్ష నాకు బాగా గుర్తుంది.

“ఎర్రజెండా ఎత్తినవ్. మేనేజరు సారు జీపొచ్చింది. ఏం జేస్తవ్?”

“ఆపుత.”

“అర్జెంటు అంటడు, తిడ్తడు.”

“తిట్టనీ సారూ. తిట్లకు బొక్కలు ఇరగవు గద.”

“మీ ఆయన రోలరొస్తే?”

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఆయన్నయితే ముందు ఆపుత. ఇంట్ల ఎట్లాగు నా మాటకు ఆగడు. ఈడన్నా ఆగనీ.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. యేసోబు కూడా నవ్వాడు.

బదలీ మనిషి

ఇక్కడ మా పాలమూరు గుంపుల పద్ధతి ఒకటి చెప్పాలి. ఒప్పుకున్న పనిని ఖాళీ పెట్టి ఊరికి పోవడం వీళ్లకు నామోషీ. చావుకో, పెళ్లికో, విత్తనానికో పోవాల్సివస్తే తమ్ముణ్నో బామ్మర్దినో తన చోట నిలబెట్టి పోతారు. వాడు బదలీ మనిషి. తట్ట మోసే పనిలో, గుంత తవ్వే పనిలో ఇది ఎంతో మంచి పద్ధతి. మేస్త్రీకి మాట పోదు, గుంపుకు పని ఆగదు. ఏ మేస్త్రీ అయినా బదలీ పెట్టి పోయినవాణ్ని మెచ్చుకుంటాడే గాని తిట్టడు.

ఇంకోటి, వీళ్లకు తెలిసిన కార్డులన్నీ ఇంటివే. రేషన్ కార్డు ఇంటిది. ఉపాధి హామీ జాబ్ కార్డూ ఇంటిదే, దాని మీద ఇంట్లో ఎవరు పోయినా పని దొరుకుతుంది. మేం కొత్తగా ఒక కార్డు తెచ్చి మెడలో వేస్తే అది కూడా ఆ వరసలోదే అనుకోవడంలో వింతేముంది? పైగా మా మేనేజరు ఆ కార్డులను ఇంటింటికీ విడివిడిగా రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా మేస్త్రీ చేతికిచ్చేవాడు. టైము మిగులుతుందని. మనిషిని పిలిచి చేతికివ్వాలని నేనంటే “పెళ్లిపిలుపులా ఏంటండీ” అన్నాడు. ఆయన కోస్తా వైపునుంచి వచ్చినవాడు, పనిమంతుడే, కాకపోతే తొందర మనిషి.

ఆ కాలంలోనే ఇంకో పనిచోట ఒకరి కార్డుతో ఇంకొకరు మిషనెక్కారని మా కంపెనీవాళ్లకు తెలిసింది. మేనేజరు గుంపులన్నిటినీ నిలబెట్టి కోపంగా చెప్పాడు, ఒకరి కార్డు మీద ఇంకొకరు కనిపిస్తే ఆ ఇంటివాళ్లందరూ బయటికేనని. వాళ్లు తలలూపారు. మోసం చేయొద్దంటున్నాడని అర్థమైంది. తమ్ముడు అన్న చోట నిలబడడం మోసమని మాత్రం వాళ్లలో ఎవరికీ తట్టలేదు.

అంచు

తొలకరి పడింది. యేసోబు కౌలు చేనుకు విత్తనం వేయడానికి రాత్రి బస్సుకు వెళ్లిపోయాడు. తెల్లారేసరికి అతని తమ్ముడు సామేలు దిగాడు. ఊళ్లో ట్రాక్టరు బాగా నడుపుతాడు. అన్న కార్డు మెడలో వేసుకున్నాడు. మూతికి తువ్వాలు, తలకు హెల్మెట్. గేటు దగ్గర కార్డు చూశారు, ముఖం చూడలేదు. మేస్త్రీకి తెలుసు, గుంపుకు తెలుసు, మార్తమ్మకు తెలుసు. ఎవరూ దాచలేదు. చెప్పాల్సిన సంగతి అనుకుంటే కదా చెప్పడానికి.

నేను ఆ పొద్దున కట్ట మీద మేనేజరుతో వాదనలో ఉన్నాను. మర్నాడు పై ఇంజినీర్లు చూడటానికి వస్తున్నారు, పొర పూర్తి కావాలి, ఇంకో ఇద్దరికి వెంటనే రోలరు కార్డులివ్వమని ఆయన. చూడకుండా ఇవ్వనని నేను. “కార్డు మనిషిది, ఇంటిది కాదని ముందు మీవాళ్లకు నేర్పండి, తర్వాత నాకు పాఠాలు చెబుదురు గాని” అని ఆయన అరుస్తున్నాడు.

అప్పుడు నా చెప్పుల కింద నేల అదిరింది. రోలరు మా వైపు అంచు వెంట వస్తోంది, డ్రమ్ము అదురుతూనే ఉంది. అంచు దగ్గర అదురు ఉండకూడదు. యేసోబు మర్చిపోయాడేమో అనుకున్నాను. మలుపు వచ్చింది. సీటులో మనిషి లేవలేదు, మెడ చాచలేదు. మీదున్నది అతనేనా?

ఆ అంచు కిందే, కట్టకు పడమటి పక్కన నీడ ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్నది ఆ నీడ ఒక్కటే. వాలుకు రాళ్లు పేర్చే ఆడవాళ్లంతా అక్కడే కూర్చుని సద్దులు విప్పుకున్నారు. కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆ ఎండకు నా మాట ఎవరు వింటారు?

“యేసోబూ!” అని గట్టిగా అరిచాను. తల తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచాను. పేరు తనది కాకపోతే మనిషి ఎందుకు తిరుగుతాడు? ఇంజన్ చప్పుడులో నా గొంతు కూడా ఒక చప్పుడే. డ్రమ్ము పక్కన మట్టి మీద సన్నటి చీలిక పాకుతూ రావడం కనిపించింది.

మార్తమ్మ నాకంటే దగ్గరుంది. ఆమె కూడా చీలికను చూసింది. తర్వాత నన్నూ, నా పక్కనున్న మేనేజరునూ చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మేనేజరు చేసిన హెచ్చరిక ఆమెకు ఆ క్షణంలో అర్థమై ఉంటుంది. నోరు తెరిస్తే ఇల్లంతా బయటికే. ఆమె పక్కకు, రోలరుకు దూరంగా, అతనికి కనిపించే చోటికి ఉరికి ఎర్రజెండా రెండు చేతులతో ఎత్తింది.

“సామేలూ! ఆగు! సామేలూ!”

తన పేరు వినపడగానే అతను చూశాడు. బ్రేకు వేశాడు. రోలరు ఆగింది గాని అంచు ఆగలేదు. డ్రమ్ము ఒక మూల కిందికి కుంగింది, మిషను మొత్తం పడమటి వైపుకు ఒరిగింది. సామేలు సీటులోంచి లేచి కాలు బయట పెట్టాడు, పల్లం వైపే. దూకితే వాడు ముందు, వాడి మీద రోలరు.

“దుంకకు! వదిన చెప్తున్న, దుంకకు! కూసో!” అని మార్తమ్మ కేక వేసింది. వాడు కూర్చున్నాడు.

అప్పటికి నేను దగ్గరికి చేరాను. “అదురు బందు చెయ్. ఇస్టీరింగు ముట్టకు. బెల్టు పెట్టుకో.” వాడికి బెల్టు కొక్కెం పడటం లేదు. “నిమ్మలంగ. నన్ను జూడు. మల్ల పెట్టు.” కొక్కెం పడింది. కింద తిమ్మప్ప ఆడవాళ్లను చేతులు పట్టి ఈడ్చుకుపోతున్నాడు, సద్దిగిన్నెలు అక్కడే దొర్లుతున్నాయి. మేనేజరు తానే పరుగెత్తి పొక్లెయిన్‌ను పిలుచుకొచ్చాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. దాని తొండానికి గొలుసు కట్టి రోలరును వెనకనుంచి గట్టినేల వైపుకు పట్టి ఉంచాక సామేలును మెరక వైపు దింపాం. దిగి వదిన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “అన్నొచ్చి అడిగితే ఏం జెప్పాలె వదినా,” అని ఏడ్చాడు. జెండా కర్ర ఇంకా ఆమె రెండు చేతుల్లోనే ఉంది.

మేనేజరు గారి తీర్పు

ఆఫీసుగా వాడే ఇనుప డబ్బాలో మేనేజరు ఒకే మాట మీద ఉన్నాడు. “చెప్పాను కదండీ. అన్న, తమ్ముడు, ఆవిడ, ముగ్గురూ బయటికి. కార్డులు రద్దు చేయండి.”

“ఆమె కార్డు ఎందుకు సార్?”

“పొద్దుట్నుంచీ ఆవిడకు తెలుసు కదా!”

“తెలుసు. ఆ తప్పుకు జరిమానా వేయండి. కానీ కార్డంటే పని వచ్చా రాదా అనే కదా. ఈ పూట పని ఎవరికొచ్చో మీరూ చూశారు.”

“ఇంటిల్లిపాదీ కలిసి చేసిన పనండీ ఇది!”

నాకూ కోపం ఆగలేదు. “కార్డు మనిషిది, ఇంటిది కాదని పొద్దున నా మీద అరిచింది మీరే. ఇప్పుడు మీరే ఇంటిలెక్కన శిక్ష వేస్తున్నారు. మరి యేసోబుకూ మనకూ తేడా ఏముంది?”

ఆయన జవాబు చెప్పకముందే తలుపు దగ్గర మార్తమ్మ కనిపించింది. లోపలికొచ్చి రెండు కార్డులు టేబులు మీద పెట్టింది.

“మా ఇంటి కార్డులు సారూ. మీరడిగేదాకా ఎందుకని నేనే తెచ్చిన.”

నేను యేసోబు కార్డు తీసుకున్నాను. రెండోది ఆమె వైపుకు జరిపాను. “ఇది నీది. తీస్కో.”

“ఇంటాయనది పోయినంక నాదెట్లుంటది సారూ?”

“ఇది జాబ్ కార్డు గాదమ్మా. ఆయనది పోతే ఆయనదే పోతది.”

ఆమె మేనేజరు వైపు చూసింది. ఆయన కిటికీ వైపుకు తిరిగాడు. “ముందు భద్రత క్లాసు మళ్లీ విననివ్వండి. తర్వాత జెండా ఇవ్వండి,” అన్నాడు, అది నాతోనే గాని ఆమెతో కాదు. ఆమె కార్డును చేతిలోకి తీసుకుని, దుమ్ము కొంగుతో తుడిచింది.

“నా ఒక్కదానిదేనా?”

“నీ ఒక్కదానిదే.”

మెడలో వేసుకుంది. గుమ్మం దాకా పోయి ఆగింది. “మా ఇంటాయనొస్తే నాకేం గతి సారూ? రోలరు ఒరిగినప్పుడు గూడ నాకు గింత భయం కాలే,” అంది. కార్డు ఇచ్చి నేను పక్కకు తప్పుకుంటాను. ఇంటికి పోయేది ఆమె.

మళ్లీ పరీక్ష

విత్తనం పూర్తయ్యాక యేసోబు వచ్చాడు. అన్నదమ్ములను బయటికి పంపాలన్న మాట మేనేజరు మళ్లీ ఎత్తలేదు. అప్పటికి నేను కార్డులు ఇచ్చే పద్ధతి మార్చాను. ఒక్కొక్కరినీ పిలిచి, “ఇది నువ్వు సచ్చినా నీ తమ్మునికి రాదు” అని ముఖం మీదే చెప్పి చేతికిచ్చేవాణ్ని. మొరటు మాటే, అర్థమయ్యేది. సామేలు వచ్చి నేర్చుకునేవాళ్ల వరసలో కూర్చున్నాడు.

యేసోబు మాత్రం భార్యతో మాట్లాడటం మానేశాడు. నలుగుర్లో తమ్ముడి పేరు అరిచి ఇంటి పరువు తీసిందని అతని పట్టు. ఆమె వండింది తినడం లేదని, మేస్త్రీ గుడిసెలో తింటున్నాడని తిమ్మప్పే చెప్పాడు. “నేను జెప్తే ఇంటలేడు సారూ. మస్తు పరేషాన్ అయితుంది ఆమె.” నేను మధ్యలో పడలేదు. ఇటువంటిచోట సార్లు చెప్పే నీతులు ఇంటికి పోయాక ఆడదాని మీదికే వస్తాయి.

కొత్తగా కార్డు కావాలంటే యేసోబు మొదటినుంచీ పరీక్ష ఇవ్వాలి. ఇచ్చాడు. నోటి ప్రశ్నలకు ముక్తసరిగా జవాబులు. మిషను నడపడంలో వంక పెట్టేదేమీ లేదు. మూడో భాగానికి మామూలు పని అన్నట్టుగా కట్ట మీదికి పంపి, దూరం నుంచి చూశాను. ఆ రోజు జెండా డ్యూటీ మార్తమ్మదే. నేను మార్చలేదు, మార్చమని అతనూ అడగలేదు.

అంచు దగ్గర అదురు ఆపాడు, సగం లేచాడు, కిందికి చూశాడు. అంతా ఎప్పటిలాగే. తిరిగి వస్తుంటే ఒక టిప్పరు వెనక్కి నడుస్తూ అతని దారిలోకి వచ్చింది. మార్తమ్మ ఎర్రజెండా ఎత్తింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకోవడం అన్ని రోజుల్లో అదే మొదటిసారి అనుకుంటా. రోలరు ఇంకా కదులుతోంది. ఆగకపోతే కార్డు ఒక్కటే పోదని నాకు తెలుసు.

రోలరు ఆగింది.

దగ్గరికి పోయి అడిగాను. “ఎందుకు ఆపినవ్?”

“ఎర్రజెండా ఎత్తింది గద.”

“ఎవరు?”

నేనేం అడుగుతున్నానో అతనికి తెలుసు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “జెండా మనిషి, సారూ,” అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, “గా దినం ఆమె ఎత్తకపోతే నాకు తమ్ముడు దక్కకపోతుండె,” అన్నాడు.

ఇంజను ఆపి దిగాడు. కట్ట మధ్యలోంచి, టిప్పరుకు దూరంగా నడుచుకుంటూ మార్తమ్మ దగ్గరికి పోయి, ఎండలో నిలబడి, నీళ్లకోసం చెయ్యి చాపాడు. ఆమె నడుముకు కట్టుకున్న సీసాను ఎడమచేత్తో విప్పి అందించింది. అతను తాగుతుంటే మాత్రం అతని వైపు చూడలేదు. టిప్పరు ఇంకా వెనక్కి వస్తూనే ఉంది, కుడిచేతిలో ఎర్రజెండా ఎత్తే ఉంది.